చల్లపల్లి దగ్గర వెలసిన కొండ

చల్లపల్లి పరిసరాలకు అనాదిగా ఉన్న కొండల కొరత తీరిపోయింది. తీర్చినవాడు జయంత్. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో కూర్చుని, ఇంకా కట్టని ఇళ్లకూ వేయని రోడ్లకూ కంప్యూటర్లో వీడియోలు చేయడం అతని ఉద్యోగం.

రియల్ ఎస్టేట్ వ్యాపారి దుర్గాశంకర్ గారు చల్లపల్లి దగ్గర ‘శిఖర హిల్ వ్యూ’ అని వెంచర్ వేశారు. ఆకాశం నుంచి చూస్తున్నట్టు వీడియో కావాలన్నారు. జయంత్ పద్ధతైన మనిషి. ఉపగ్రహాలు కొలిచిన నేల ఎత్తుల లెక్కలు ఇంటర్నెట్‌లో వెతికి దించుకుని, వాటి ప్రకారం నేలను తయారుచేశాడు. అది అప్పడంలా వచ్చింది. పైగా పక్కనున్న కాలవ కంటే వెంచరే పల్లంలో ఉంది.

“కొండ లేదండీ. గట్టి వానొస్తే నీళ్లు నిలుస్తాయండీ,” అన్నాడు భయంభయంగా.

దుర్గాశంకర్ గారు నొచ్చుకున్నారు. “డేటాలో కొండ లేకపోతే కొండ ఉన్న డేటా తెచ్చుకోవాలి గానీ, నా వెంచర్‌ని అంటావేంటయ్యా? మనం అమ్మేది మట్టి కాదు, దృక్పథం.”

జయంత్ అరకు ఎత్తులు తెచ్చి చల్లపల్లికి అతికించాడు. పొగమంచు అదనం. పటమటలో ఒక హోటల్ హాల్లో వీడియో వేస్తే చప్పట్లు మోగాయి. చూసినవాళ్లలో సగంమంది ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లే. ఈ కొండ ఎప్పటిదని ఒక్కరూ అడగలేదు. కొండకు ఎదురు ప్లాట్లు ఇంకా ఉన్నాయా అని మాత్రం అందరూ అడిగారు. మొదటిది జయంత్ మేనత్త సంపూర్ణమ్మే తీసుకుంది. అప్పట్నుంచీ అతనికి అన్నం సహించలేదు.

వానలు వచ్చాయి. కొన్నవాళ్ల సమావేశం జరిగే సమయానికి వెంచర్ చెరువైంది కాబట్టి, టెంటు కాలవగట్టు మీద వేశారు. ఉద్యోగం పోతే పోయిందనుకుని జయంత్ లేచి లాప్‌టాప్ తెరిచాడు.

“ఆ కొండ నేను అతికించిందండీ. అసలు నేల ఇదీ.”

దుర్గాశంకర్ గారు తన కారు ఎంత దూరంలో ఉందో చూసుకున్నారు. సంపూర్ణమ్మ వచ్చి లాప్‌టాప్ మూసేసింది.

“ఏరా, నీళ్లు మాకు కనపడట్లేదా? హైదరాబాదు వాళ్లు ఆ వీడియో చూసే బేరానికి వస్తున్నారు. నీ నిజమేదో మేం అమ్ముకున్నాక చెప్పుకో.”

జనం తలలూపారు. జయంత్ ఉద్యోగం పోలేదు. నీళ్లు ఎలాగూ ఉన్నాయి కనుక కొండ మీద ఒక జలపాతం కూడా పెట్టాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.