ఒక్క అతుకూ లేని వెల్డింగు బండి

ఇందిరా నగర్ నాలుగో అడ్డవీధి నివాసులకు, వారి బంధుమిత్రులకు తెలియజేయడమేమనగా, ఆయుధపూజ నాడు ఉదయం తొమ్మిది గంటలకు వెంకటకృష్ణయ్య గారి వెల్డింగు బండి ప్రారంభోత్సవం నిర్విఘ్నంగా జరిగింది. నిర్విఘ్నంగా అన్న మాట వీధి సంక్షేమ సంఘం మినిట్సు పుస్తకంలో ఉంది. కాబట్టి ఎవరూ అనుమానించనక్కర్లేదు.

వెంకటకృష్ణయ్య బజారులో ముప్పై ఏళ్లు జవుళి కొట్టు నడిపాడు. దాన్ని అల్లుడికి అప్పగించాక, చేతులు ఊరుకోక ఒక వెల్డింగు మిషను కొన్నాడు. కారు షెడ్డుకు వర్క్‌షాపు అని బోర్డు తగిలించాడు. అప్పటినుంచి కారు వీధిలో ఎండుతోంది.

ఆ వారంలోనే ఎదురింటి మేడమీద ఒంటరిగా ఉండే అలివేలమ్మ మెట్ల కమ్మీ, సముద్రపు గాలికి తుప్పుపట్టి, కింది అతుకు దగ్గర ఊడిపోయింది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. కమ్మీ లేకుండా దిగలేదు. సాయంత్రం కిందికొచ్చి అరుగు మీద కూర్చుని, పోయేవాళ్లను పేరుపేరునా పలకరించడం ఒక్కటే ఆమెకు మిగిలిన వేడుక.

"వీధి కొసన వెల్డింగు ముత్తును పిలిస్తే పది నిమిషాల్లో అతికిస్తాడంట రా," అంది పైనుంచి.

"నేనుండంగ ముత్తు ఎందుకు పెద్దమ్మా? ఇంట్లో మిషను పెట్టుకోని బయటోణ్ణి పిలిస్తే నా మర్యాద యాడ పోవాల? ముందు మిషనుకు ఒక బండి చేస్తా. దాని ఎనకాలే నీ మెట్ల కైపిడి."

ముత్తు మిషనును సైకిలు క్యారియరుకు కట్టుకొచ్చి, నేలమీద పెట్టి, పని చేసి వెళ్లిపోయే మనిషి. వెంకటకృష్ణయ్య దృష్టిలో అది అనాగరికం. మిషను నేలను తాకరాదు, చక్రాల మీదే ఉండాలి. ఇది ఆయన వీడియోలు చూసి ఆర్జించిన సిద్ధాంతం.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. బండిని వెల్డింగు చేయాలంటే, బండి తయారయ్యేదాకా మిషనును నేలమీదే పెట్టాలి. సిద్ధాంతం ఒప్పుకోదు. సిద్ధాంతం కోసం ఎంత కష్టమైనా పడే మనుషులు మన వీధుల్లో ఇంకా ఉన్నందుకు సంతోషించాలి. ఆయన బండి మొత్తాన్ని బోల్టులతో బిగించాడు. అరవై నాలుగు బోల్టులు. ప్రతి బోల్టు తలకూ మూడు పూతలు ఎర్రరంగు, స్వహస్తాలతో.

చక్రాలు ఆదివారం సంతలో దొరికాయి. ఏదో ఆసుపత్రి స్ట్రెచరువి. తలకు పెట్టుకునే ముసుగుకు ఒక కొక్కెం, చేతితొడుగులకు రెండు, కాఫీ గ్లాసుకు ఒక వలయం అమిరాయి. ఆ మిషనుకు గ్యాసు అక్కర్లేదు. అయినా బండి వెనక సిలిండరుకు చోటుంది. అది బోసిగా కనబడకూడదని వంటింటి సిలిండరు తెచ్చి గొలుసుతో కట్టాడు. ఇంటావిడ ఆ నెలంతా కరెంటు పొయ్యి మీద వండి సహకరించింది.

అలివేలమ్మ తాడుకు బుట్ట కట్టి దించేది. పాలు పైకి వెళ్లాయి, ఆకుకూరలు పైకి వెళ్లాయి. ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారీ కిందికి రాలేదు.

"ఏంది రా, యాడిదాకా వచ్చింది నీ బండి?"

"చక్రాలు వచ్చేసినాయి పెద్దమ్మా!"

"నా కాళ్లకంటే ముందే వచ్చినాయి. మంచిది."

ప్రారంభోత్సవానికి వీధిలోకెల్లా పెద్దావిడ దీపం వెలిగించాలని సంఘం తీర్మానించింది. నలుగురు మనుషులు అలివేలమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పల్లకీలా కిందికి మోసుకొచ్చారు. బండికి గంధం, కుంకుమ, బంతిపూల దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పక్కనే పళ్లెంలో పానా, సుత్తి, స్క్రూడ్రైవరు బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. సంఘం అధ్యక్షుడు గుణశేఖరన్ తమిళంలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించిన ఉపన్యాసం సారాంశం ఇది:

"ఈ వీధిలో పని చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. పనికి ముందు ఇంత పని చేసినవారు ఒక్కరే."

చప్పట్లు ఆగాక అలివేలమ్మ బండిని చేత్తో తడిమి చూసింది.

"ఒక్క అతుకు కూడా లేదే రా దీంట్లో?"

"లేదు పెద్దమ్మా," అన్నాడు వెంకటకృష్ణయ్య పొంగిపోయి. "అంతా బోల్టులే. ఏనుగు ఎక్కినా కదలదు."

"అట్లయితే అదే బోల్టులు నాలుగు నా కైపిడికి బిగిస్తే, నేను ఎనిమిది నెల్ల కిందటే దిగుంటిని గదా నాయనా?"

ఆయన బండి మీది బంతిపూల దండ సర్దాడు. అదృష్టవశాత్తు అందరూ దాన్ని హాస్యంగా స్వీకరించి, ఉపన్యాసానికి కొట్టినదానికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టకూడదు. కాబట్టి కమ్మీ సంగతి వాయిదా పడింది. అందరూ భోజనాలకు కదిలారు. కుర్చీని కిందికి మోసిన నలుగురిలో ఒక్కరికీ అది తిరిగి పైకి వెళ్లాలన్న సంగతి తోచలేదు. సాయంత్రం వెంకటకృష్ణయ్య కిటికీలోంచి చూస్తే, అలివేలమ్మ అరుగు మీద కూర్చుని ముత్తుకు ప్రసాదం మరమరాలు పెడుతోంది. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు.

తెల్లారి షెడ్డులో బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. మిషను జారి నేలమీద కూర్చుంది. నాలుగు బోల్టులు లేవు. పళ్లెంలో ఉండాల్సిన పానా, కుంకుమ బొట్టుతో సహా, ఎదురింటి కింది మెట్టు మీద ఉంది.

సంఘం వెంటనే స్పందించింది. గుణశేఖరన్, వెంకటకృష్ణయ్య, కోశాధికారి సభ్యులుగా విచారణ సంఘం ఏర్పడింది. ముగ్గురూ అలివేలమ్మను ప్రశ్నించడానికి మేడ ఎక్కారు. మెట్లు నిటారుగా ఉన్నాయి కాబట్టి కమ్మీ పట్టుకుని ఎక్కారు. అది ఇసుమంత కూడా కదల్లేదు.

తిరిగి దిగేటప్పుడు వెంకటకృష్ణయ్య అరచేతికి నున్నగా నాలుగు బోల్టు తలలు తగిలాయి. ఎరుపు, మూడు పూతలు. ఒక్క క్షణం ఆగాడు. అవి తనవని ఒప్పుకుంటే, ఆమె నిన్న అడిగిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పాల్సి వస్తుంది. చెయ్యి తీసి ఇంకో చోట పట్టుకున్నాడు.

"మెల్లగా దిగండి నాయనా," అంది పైనుంచి అలివేలమ్మ. "కైపిడి వదలొద్దండి."

బోల్టుల ఆచూకీ తెలియలేదని విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. వీధివీధంతా సంతకం చేసింది. చేయనిది అలివేలమ్మ ఒక్కతే. ఆమె కిందే, అరుగు మీదే ఉంది. ఎవరూ అడగలేదు.