కిచెన్ ఎంపవర్‌మెంట్ సొల్యూషన్స్, మన్సూరాబాద్

వెబ్‌సైట్‌లో జనానికి పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఉందంటే అది వెబ్‌సైట్ కాదు, గోడ మీద రాసిన ప్రకటన!

నవ్వకండి. చిన్న వ్యాపారాలకు కంటెంట్ రాయడంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రామమోహనరావు అంతటివాడు లేడని నా నమ్మకం. రామమోహనరావు అంటే నేనే. ఈ నమ్మకం ప్రస్తుతానికి నా ఒక్కడికే ఉంది. ఏ గొప్ప సిద్ధాంతమైనా మొదట ఒక్కడితోనే కదా మొదలయ్యేది!

మీరే ఆలోచించండి. ఏం అమ్ముతారో, ఎక్కడ అమ్ముతారో రాసేస్తే మనిషి ఏం చేస్తాడు? చదివేసి షాపుకి వెళ్లిపోతాడు! ఇక మన వెబ్‌సైట్‌లో ఎవరుంటారు? అదే ఏమీ చెప్పకుండా రాశామనుకోండి, పాపం ఆ పేజీ నుంచి ఈ పేజీకి, ఈ పేజీ నుంచి ఆ పేజీకి తిరుగుతూనే ఉంటాడు. దీన్నే మా వృత్తిలో ఎంగేజ్‌మెంట్ అంటారు. జాతరలో పిల్లాడు తప్పిపోయి తిరిగితే అది కూడా ఎంగేజ్‌మెంటేనా అని మా ఆవిడ ఉదయలక్ష్మి అడిగింది. ఆవిడకి మార్కెటింగ్ తెలియదు.

చైతన్యపురిలో ఒక టిఫిన్ సెంటర్‌కి "మేం ఇడ్లీలు అమ్మం, ఉదయాలను ఆవిష్కరిస్తాం" అని రాశాను. మర్నాడే ఒకాయన ఫోన్ చేసి ఇడ్లీలు మానేశారా అని అడిగాడట. చూశారా, స్పందన! కొత్తపేటలో పంక్చర్ షాపుకి "మీ ప్రయాణమే మా శ్వాస" అని రాశాను. ఒక చికెన్ సెంటర్‌కి మాత్రం పొరపాటున పళ్ల డాక్టరుగారి పేజీ అతికించాను. "నొప్పి తెలియకుండా చూసుకుంటాం, చిరునవ్వుతో ఇంటికి పంపిస్తాం" అని చాలా రోజులు ఉండిపోయింది. ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు. ఎవరూ చదవలేదంటారా? ఎవరినీ నొప్పించలేదని నేనంటాను.

ఇప్పుడు మహిపాల్ సంగతి చెప్పాలి.

మహిపాల్‌ది నల్గొండ వైపు పల్లె. మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దగ్గర చిన్న షట్టర్‌లో ఏళ్ల తరబడి మిక్సీలు బాగు చేసేవాడు. ఓనరు ఆ షట్టర్‌ని సెల్‌ఫోన్ షాపుకి కిరాయికిచ్చేసరికి, సామానంతా ఆటోలో వేసుకుని మన్సూరాబాద్‌లో మా గల్లీకి వచ్చి పడ్డాడు. వచ్చేముందు పాత షట్టర్ మీద షాపు మారిందని కాగితం అంటించాడు గానీ, సెల్‌ఫోన్ షాపువాళ్లు దాని మీద ఆఫర్ల పోస్టర్ అంటించేశారు. పాత బోర్డుతోపాటే దాని మీదున్న ఫోన్ నంబరూ పోయింది.

"సార్, రిపేర్ చేసిన మిక్సీలు గిన్ని నా దగ్గర్నే ఉండిపోయినయ్. ఏది ఎవరిదో నాకు ఎరుకే, ఇండ్లే తెల్వయి. నాకు చీటీలు రాసే అలవాటు లేదు, మొఖం జూసి ఇచ్చేటోణ్ణి. షాపు యాడికి పోయిందో గిరాకీకి తెలవాలె. జర గంత రాయుండ్రి, చాలు," అన్నాడు.

గంత రాయడానికి నేనెందుకు? ఒక్క లైనుతో సరిపెడితే నా ప్రతిభ ఏమైపోవాలి?

ఐదు పేజీలు రాశాను. షాపు పేరు "కిచెన్ ఎంపవర్‌మెంట్ సొల్యూషన్స్" అని మార్చాను. మా విజన్, మా మిషన్, మూసారాంబాగ్‌లో మొదలైన వ్యవస్థాపకులు శ్రీ మహిపాల్ గారి మహాప్రస్థానం! మిక్సీ అనే నాటు మాట ఎక్కడా దొర్లకుండా జాగ్రత్తపడ్డాను. మహిపాల్ ఫొటోకి బదులు, కోటు వేసుకున్న తెల్లాయన ఎవరో ల్యాప్‌టాప్‌ని చూసి నవ్వుతున్న ఫొటో పెట్టాను. అడ్రస్ మాత్రం రాయలేదు. "పాల బూత్ పక్క గల్లీ, ఇస్త్రీ బండి ఎదురుగా" అని రాస్తే విజన్ పక్కన ఏం బాగుంటుంది చెప్పండి? అందుకని ఒక ఫారమ్ పెట్టాను. పేరు, ఈమెయిల్, మీ కల ఏమిటో రాస్తే మా బృందమే మిమ్మల్ని సంప్రదిస్తుంది. ఆ బృందంలో ఉన్నది మహిపాల్ ఒక్కడే. అతనికి ఈమెయిల్ లేదు.

చదివి వినిపిస్తే ఎంత మురిసిపోయాడో! "సమజ్ కాలేదు గానీ మస్తుంది సార్," అన్నాడు. కంటెంట్ రైటర్‌కి అంతకన్నా బిరుదు ఏం కావాలి?

మొన్న మా ఆవిడ పిన్ని హనుమాయమ్మగారు మూసారాంబాగ్ నుంచి ఊడిపడ్డారు. వస్తూనే తన ఫోను నా మొహం ముందు పెట్టారు.

"చూడు నాయనా, ఆ మహిపాల్ ఎంతకి తెగించాడో! బాగు చేస్తానని మా మిక్సీ పుచ్చుకున్నాడు, రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేశాడు. ఇప్పుడేమో పెద్ద కంపెనీ పెట్టాడట! మా అందరి మిక్సీలూ అమ్మే పెట్టుంటాడు. మా వీధిలో ఆడాళ్లమంతా కలిసి పోలీసులకి చెప్పబోతున్నాం. పైగా నా కల ఏమిటో చెప్పాలట వీడికి! నా మిక్సీ నాకిస్తే చాలు."

ఉదయలక్ష్మి ఫోను అందుకుని పేజీ అడుగుదాకా జరిపింది. అడ్రస్ ఉండాల్సిన చోట, కంటెంట్ రాసినవారి పేరు లావుపాటి అక్షరాల్లో మెరిసిపోతోంది. ఆవిడ ఫోను నా వైపు తిప్పి, ఆ పేరు మీద వేలు పెట్టింది.

పిన్నిగారిని వెంటబెట్టుకుని ముగ్గురం మహిపాల్ షాపుకి వెళ్లాం. ఆవిడని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. శుభ్రంగా తుడిచిపెట్టిన మిక్సీని అరలోంచి దించి చేతికిచ్చాడు. ఆ తర్వాత మూసారాంబాగ్‌లో తన గురించి ఏమనుకుంటున్నారో విని, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇన్నేండ్లల్ల ఎవరిదీ ఒక్క స్క్రూ గూడ ఉంచుకోలే అమ్మా. నన్ను దొంగ అంటున్నరా?"

నా వైపు కోపంగా చూసినా సర్దుకునేవాణ్ణి. అసలు చూడనే లేదు. ఇందులో నా ఐదు పేజీల పాత్ర ఉందని అతనికింకా తట్టలేదు. నాకు సిగ్గేసింది. వెటకారానికి అనడం లేదు, నిజంగానే సిగ్గేసింది.

వెంటనే వెబ్‌సైట్ మారుద్దామంటే పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఉదయలక్ష్మి ఒక అట్టముక్కా స్కెచ్ పెన్నూ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ చెప్పింది, నేను రాశాను. "మహిపాల్ మిక్సీ షాపు మన్సూరాబాద్‌కి మారింది. పాల బూత్ పక్క గల్లీ, ఇస్త్రీ బండి ఎదురుగా. మీ మిక్సీలు భద్రంగా ఉన్నాయి." కింద ఫోన్ నంబరు. ఒక్క విశేషణం కూడా వేయనివ్వలేదు!

"గోడకి అంటిస్తే దాని మీద ఇంకోటి అంటిస్తారు. మనిషి మీద అంటించరుగా? మీరే పట్టుకుని నిలబడండి," అంది.

అలా రెండు రోజులుగా సాయంత్రాలు మూసారాంబాగ్ మెట్రో మెట్ల దగ్గర అట్టముక్క పట్టుకుని నిలబడుతున్నాను. నా రాత కోసం జనం ఆగడం, ఆగి చివరిదాకా చదవడం నా జన్మలో ఇదే మొదలు. "దొరికిండా! నా మిక్సీ ఇగ పోయిందే అనుకున్న," అంటూ ఒక పెద్దావిడ నాకు దండం కూడా పెట్టింది. అయినా సరే, నా సిద్ధాంతాన్ని వదిలేది లేదు. అట్టముక్క సాహిత్యం వేరు, కంటెంట్ వేరు!

నిన్న ఒకమ్మాయి ఆఫీసు బ్యాగుతో మెట్లు దిగుతూ ఆగింది. మొత్తం చదివి, నంబరు ఫోన్‌లో ఎక్కించుకుని నన్నడిగింది.

"అంకుల్, షాపు ఎన్ని గంటల దాంక ఉంటది? నాకు ఆఫీసు అయ్యేసరికి లేట్ అయితది."

మహిపాల్ గురించి ఐదు పేజీలు రాసినవాణ్ణి. ఆ సంగతి అతన్ని ఎప్పుడూ అడగలేదు.