పూలమ్మకు ఊరు దొరికింది

నాంపల్లిని నాంపల్లివాళ్లకే మిగిల్చే మహత్కార్యానికి స్థానికుల రక్షణ సమితి ఏర్పడిందనీ, దానికి విద్యాసాగర్ అధ్యక్షుడయ్యాడనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆయన స్టేషన్ రోడ్డులో సూట్‌కేసులు అమ్ముతాడు. వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ పెట్టెలమ్మి మేడ కట్టిన మనిషికి జనం రాకపోకల మీద రోత పుట్టడం సహజమే. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినగా ఎక్కడైనా చూశామా?

నిజానికి ఆయన బాధంతా ఒక్క బండి. షాపు ముందు ఫుట్‌పాత్ మీద పూలమ్మ ఇడ్లీ బండి. ఆ జాగా ఖాళీ అయితే ట్రంకు పెట్టెలన్నీ బయట పేర్చుకోవచ్చు. ఫుట్‌పాత్ ఉన్నది నడవడానికి కదా అంటారా? అయితే మీరు నాంపల్లి ఎన్నడూ రాలేదన్నమాట.

సమితికి శాస్త్రీయ సలహాదారు భావనారాయణ. ఆబిడ్స్‌లో పోటీ పరీక్షల పిల్లలకు భూగోళం చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాడు. ఆయన ముందుగా వీధి జనసాంద్రత తేల్చాడు. పొద్దున టిఫిన్ వేళ బండి చుట్టూ మూగినవాళ్లను లెక్కపెట్టి, ఫుట్‌పాత్ వైశాల్యంతో భాగిస్తే, ప్రపంచంలోని మహానగరాలన్నీ సిగ్గుపడే అంకె వచ్చింది. లెక్కపెట్టిన సభ్యులు కూడా ప్లేట్లు పట్టుకుని అక్కడే ఉన్నారు గానీ, పెద్దమనుషులు జనాభా కిందికి రారు కనుక వాళ్లను కలపలేదు.

తరువాత అధ్యక్షుడి షాపులోనే సభ.

"మిత్రులారా! మనిషి వలసకు రెండే కారణాలు. ఊళ్లో కరువు వెనక నుంచి నెడుతుంది. పట్నంలో సుఖం ముందు నుంచి లాగుతుంది. రైలు దిగిన ప్రతివాణ్నీ మన వీధిలోకి లాగుతున్నది ఏది? ఆ కొబ్బరి చట్నీ! శాస్త్రం ప్రకారం అది ఆకర్షక శక్తి. దాన్ని తొలగిస్తే జనాభా సమస్య తీరినట్టే!" అన్నాడు భావనారాయణ.

చప్పట్లు మోగాయి. గుమ్మం దగ్గర కొంగుతో చేతులు తుడుచుకుంటూ పూలమ్మ అందుకుంది. "మస్తు చెప్పిన్రు సారూ. నన్నైతే ఎన్కకెల్లి సేటు నూకుతుండు, ముంగటకెల్లి చలానా రాసేటోళ్లు గుంజుతున్రు. గందుకే ఏడికీ పోతలేను."

స్థానికులెవరో తేల్చడానికి అధ్యక్షుడు సులువైన పద్ధతి కనిపెట్టాడు. కాగితాలు ఎవడైనా పుట్టించగలడు. కానీ మనవాణ్ని "మీదే ఊరు?" అని మామూలుగా అడిగితే చాలు, ఉన్నదున్నట్టు కక్కేస్తాడు. వేరే ఊరు పేరు చెప్పినవాళ్లు వారంలో ఖాళీ చెయ్యాలి. తీర్మానం ఏకగ్రీవం. ఆదర్శంగా ఉంటుందని సభ్యులతోనే మొదలుపెట్టారు.

కోశాధికారి లక్ష్మణరావు పుట్టింది, పెరిగింది, బట్టతల వచ్చింది అన్నీ నాంపల్లిలోనే. ఆయన తండ్రి గుమాస్తా; యాభయ్యారులో రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ప్రభుత్వం ఫైళ్లతో పాటు వచ్చాడు.

"మాది తెనాలి దగ్గరండీ," అన్నాడు కాలరు సర్దుకుని. "ఇప్పుడక్కడ మావాళ్లెవరూ లేరనుకోండి. ఊరంటే మాత్రం అదే."

భావనారాయణది జనగామ అవతల. చివరిసారి ఎప్పుడు వెళ్లాడో ఆయనకే గుర్తులేదు. ఆఖరుకు అధ్యక్షుణ్ని అడిగారు.

"మాది నారాయణపేట," అనేశాడు విద్యాసాగర్. తాతల నాటి నుంచి స్టేషన్ కూతలకు నిద్రలేస్తున్న వంశం. తీర్మానం ప్రకారం సమితి మొత్తం వారంలో ఖాళీ చెయ్యాలి.

ఆయన తేరుకుని గుమ్మం వైపు తిరిగాడు. "నీదే ఊరు పూలమ్మా?"

"గిదే. టేషన్ ఎన్క గల్లిల పుట్టిన."

"గది కాదు, సొంతూరు?"

"గిదే అంటున్న గద సేటూ!"

"మీ అమ్మది?"

"ఆమెది సుత గిదే. ఏంది, మనిషికి రెండేసి ఊర్లుండాల్నా?"

ఉండాలని శాస్త్రమే చెబుతోందన్నాడు భావనారాయణ, గొంతు సవరించుకుని. మర్యాదస్తుడికి ఉండటానికొక ఊరు, చెప్పుకోవడానికొక ఊరు ఉంటాయి. చెప్పుకోవడానికి ఊరే లేని మనిషిని ఎట్లా నమ్మడం? ఇట్టి వేరులేని జనాభా వీధికి ప్రమాదం. అందరికీ ప్రాణం లేచొచ్చింది. తీర్మానాన్ని ఆ మేరకు సవరించారు. ఖాళీ చెయ్యవలసింది పూలమ్మ ఒక్కతే అని తేలింది. అధ్యక్షుడు పెద్దమనసుతో జిప్పు పోయిన సూట్‌కేసు ఒకటి బహూకరించాడు. ఫొటో తీశారు.

"ఏడికి పోవాలె సేటూ?"

"మీ ఊరికి."

ట్రంకు పెట్టెలు ఫుట్‌పాత్ ఎక్కాయి. రైలు దిగినవాళ్లు వాటికి మోకాళ్లు కొట్టుకుని, తిట్టుకుంటూ, టిఫిన్ కోసం వేరే దారి పట్టారు. షాపులోకి తొంగిచూసేవాడు లేడు. కొన్నాళ్లకు అవతలి పేట గౌలిగూడ మీదుగా పోతున్న విద్యాసాగర్‌ను ఆకలి వెనక నుంచి నెట్టింది, తెలిసిన చట్నీ వాసన ముందు నుంచి లాగింది. బండికి కొత్త బోర్డు వేలాడుతోంది: 'నాంపల్లి పూలమ్మ ఇడ్లీ'.

"రా సేటూ," అంది పూలమ్మ, ప్లేటు కడుగుతూ. "గీడోళ్లు మీదే ఊరమ్మా అనడిగిన్రు. నాంపల్లి అన్న. అట్లనా, జర నీడకు పెట్టుకో బండి అన్నరు. జిందగీల మొదటిసారి నాక్కూడ ఓ ఊరైంది, నీ పుణ్యమాని."

విద్యాసాగర్ ఇడ్లీ నములుతూ తృప్తిగా తలాడించాడు. ఒక అభాగ్యురాలికి సొంత ఊరు కల్పించిన ఘనత ఆయనది కాక ఇంకెవరిది?

గౌలిగూడలోనూ స్థానికుల రక్షణ సమితి వెలిసిందని తాజా సమాచారం. మొదటి సభకు భావనారాయణను పిలిచారు.

అన్నట్టు, ఇంతసేపూ చదివారు, మీదే ఊరండీ? అలాగా, చాలా సంతోషం. మరి ఎప్పుడు బయల్దేరుతున్నారు?