చారిత్రక మెట్లు, మా అత్తగారి మోకాళ్ళు

పాత కట్టడాలను ప్రేమించడం నాగరికతకు గీటురాయి. వాటిలో కాపురం ఉండేవాళ్ళ అభిప్రాయం ఈ విషయంలో లెక్కలోకి రాదు. వాళ్ళు కట్టడంలో భాగం.

ఈ సూత్రాన్ని కనిపెట్టింది నేనే. ఆదివారం పత్రికలో నాకొక శీర్షిక ఉంది. నగరంలోని పాత భవనాల మీద వారం వారం కన్నీరు కార్చడం దాని పని. దానికి పాఠకులున్నారని సంపాదకుడు చెబుతాడు (నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకాయన ప్రూఫులు దిద్దుతాడు).

మేం ఉండేది కూడా పాత భవనమే. కింద వాచీలు బాగుచేసే షాపు, పైన మా ఇల్లు, మధ్యలో రాతి మెట్లు. తరతరాల అడుగులకు అరిగి అరిగి ప్రతి మెట్టూ మధ్యలో గిన్నెలా గుంటపడింది. ఒకప్పుడు పక్కన చెక్క రెయిలింగ్ ఉండేదట. మేం ఈ ఇంట్లోకి రాకముందే చెదపురుగులు దాన్ని శ్రద్ధగా తిని ముగించాయి.

ఇంట్లో నేను, బ్యాంకు కౌంటర్లో పనిచేసే మా ఆవిడ, ఆవిడ వాళ్ళమ్మగారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అయినా సాయంత్రమయ్యేసరికి ఆవిడ కిందికి దిగి తీరాలి. వాచీల షాపు ముందున్న బల్ల మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళందరినీ పరిశీలించి, వాచీలాయనతో కలిసి వాళ్ళ గురించి ఒక నిర్ణయానికి వస్తే గానీ ఆవిడకు రాత్రి భోజనం సయించదు.

ఒక సాయంత్రం అలా దిగుతూ కాలు జారింది. గోడ పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నారు గానీ మోచేయి గీసుకుపోయింది.

"ఏమండీ, ఆ మెట్లకి ఓ రెయిలింగ్ పెట్టించండి. అమ్మ పడితే నేను ఊరుకోను," అంది మా ఆవిడ.

"పడేది నేను కదే, ఊరుకోనిది నువ్వా?" అన్నారు అత్తగారు మోచేతికి మందు రాసుకుంటూ.

వడ్రంగిని పిలిచాను. కొలతలు తీసుకుని సోమవారం వస్తానన్నాడు. ఈలోగా శనివారం వచ్చింది. శీర్షికకు విషయం దొరకలేదు. ఇల్లంతా కలియజూశాను. మెట్లు కనిపించాయి. రాసేశాను. మెట్లు మాట్లాడతాయన్నాను. వాటి గుంటల్లో కాలం నిలిచి ఉందన్నాను. చివర్లో, "ఈ మెట్లకు ఏ ఆసరా అక్కర్లేదు, తరాలకు అవే ఆసరా" అని ఒక వాక్యం పడింది. పడిన వెంటనే లేచి కాసేపు గదిలో అటూ ఇటూ పచార్లు చేశాను. అంత బాగా పడింది.

సోమవారం వడ్రంగి డ్రిల్లు మిషనుతో వచ్చాడు. అతని వెనకే పాత కట్టడాల సంరక్షణాధికారి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. షూ బయట విప్పి, మెట్టును అరచేత్తో నిమిరి, కళ్ళు తుడుచుకున్నాడు.

"సార్, మీ వ్యాసం చదివి మా ఆఫీసంతా కదిలిపోయిందండి," అన్నాడు. (అంతకుముందు ఆ ఆఫీసు దేనికీ కదిలిన దాఖలా లేదు. నేను పొంగిపోయాను.) "ఈ ఉదయమే మీ భవనాన్ని రక్షిత కట్టడాల్లో చేర్చాం."

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నేను నాలుగు చిల్లులు వేసుకుని వెళ్ళిపోతానండి."

"చరిత్రకి చిల్లులా?" అన్నాడు అధికారి.

వడ్రంగి నా వైపు చూశాడు. నేను మెట్ల వైపు చూశాను. అతను మిషను సంచిలో పెట్టేసుకున్నాడు.

పైనుంచి అత్తగారు కేకేశారు. "అల్లుడుగారూ, ఎవరండీ ఆ అబ్బాయి?"

"మన మెట్లను కాపాడ్డానికి వచ్చారండీ."

"ఎవరి నుంచి?"

అధికారి చేతులు జోడించి వినయంగా చెప్పాడు. "మీ నుంచేనమ్మా."

మర్నాడు నేను ఆ సంరక్షణ ఆఫీసుకు వెళ్ళాను. అది కొత్త అద్దాల భవనం. ఇంతకుముందు ఆ స్థలంలో ఒక పాత భవనం ఉండేదట. సంరక్షణ విభాగానికి చోటు చాలక దాన్ని కూల్చారు. దాని ఫొటోకి మాత్రం చక్కగా ఫ్రేము కట్టించి వరండాలో పెట్టారు. ఆఫీసు మెట్లకు రెండు వైపులా స్టీలు రెయిలింగ్ ఉంది. పక్కనే లిఫ్టు ఉంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టుకోరు.

"మా అత్తగారికి రెయిలింగ్ కావాలండి," అన్నాను.

"రెయిలింగ్ అనకండి సార్. మా భాషలో హస్తాలంబన దండము."

"సరే. మా అత్తగారికి ఒక హస్తాలంబన దండము కావాలి."

"దానికి నిపుణుల సంఘం అభిప్రాయం ఉండాలండి."

"నిపుణులెవరు?"

"మీరే సార్. నిన్ననే మిమ్మల్ని నియమించాం."

ఒక్క క్షణం వచ్చిన పని మరిచిపోయాను. (ఈ హోదాను పత్రికలో నా పేరు కింద వేసుకోవచ్చా అని కూడా అడిగాను. వేసుకోవచ్చన్నాడు.) తర్వాత తేరుకుని, "అయితే నిపుణుడిగా చెబుతున్నాను, పెట్టించాలి," అన్నాను.

"అది కుదరదండి. మీరు ఆ ఇంట్లోనే ఉంటారు కదా, పక్షపాతం అవుతుంది. అందుకే మీకు ఏ అవసరమూ లేనప్పుడు రాసిన అభిప్రాయాన్ని తీసుకున్నాం." ఫైలు తెరిచి, నా వాక్యాన్ని ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదివాడు. "ఏ ఆసరా అక్కర్లేదు... తరాలకు అవే ఆసరా. ఇంత గొప్పగా చెప్పాక మేం కాదంటే ఏం బాగుంటుంది సార్?"

వాదించాల్సిన చోట నేను, అతను చదివిన తీరుకు తల ఊపాను.

అతనికి జాలి వేసినట్టుంది. "కదిలే ఆసరాకి నిబంధనల్లో వీలుందండి," అన్నాడు. "గోడకి తగలకూడదు. మేకులు ఉండకూడదు. పని అయిపోగానే అక్కణ్ణుంచి తీసేయాలి."

"అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?"

అతను నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

ఆ విధంగా నేను రక్షిత కట్టడానికి అనుబంధ వస్తువునయ్యాను. 'తాత్కాలిక హస్తాలంబనము' అని రాసిన బిళ్ళ ఒకటి ఇచ్చారు. రోజూ సాయంత్రం దాన్ని చొక్కాకి తగిలించుకుని, అత్తగారికి ఒక మెట్టు ముందు దిగేవాణ్ణి. ఆవిడ నా భుజం మీద చేయి వేసేవారు.

"కాస్త ఎడమకి వంగండి. ఆ, అంతే. పెళ్ళిచూపుల్లో మీరింత పనికొస్తారనుకోలేదు."

"థాంక్సండీ."

"మెట్లు మాట్లాడతాయని రాశారటగా. నాతో మాట్లాడవేం?"

"అది అలంకారం అండీ."

"ఓహో. అలంకారాలకి మోకాళ్ళు ఉండవు కాబోలు."

మాట ఇలా గట్టిగానే ఉండేది. కానీ బాగా అరిగిన మెట్టు రాగానే ఆవిడ వేళ్ళు నా భుజంలోకి దిగబడేవి. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం; ఆ మెట్లంటే ఆవిడకు భయమని నాకు తెలియదు. ఆ సంగతి మా ఆవిడతో చెబితే, "మీకు ఇప్పుడు తెలిసిందా?" అంది.

అంతలో కట్టడాల వారోత్సవాలు వచ్చాయి. మా భవనాన్ని అలంకరించాలని ఆఫీసు తీర్మానించింది. దీపాల తోరణాలు కట్టడానికి ఆ వడ్రంగినే పంపారు. గోడ పొడుగునా చిల్లులు వేస్తూ అతను అధికారిని అడిగాడు.

"ఇప్పుడు ఫర్వాలేదాండి?"

"ఇవి వేడుక చిల్లులు. వేడుక అయిపోగానే లేనట్టే లెక్క."

మెట్లు మెరవాలని వాటికి నూనె కూడా పట్టించారు. మొదటి రోజున సంరక్షణ విభాగం పెద్దాయన వచ్చాడు. వీధిలో మైకు పెట్టి నా వాక్యాన్ని తన వాక్యంలా చదివాడు. జనం చప్పట్లు కొట్టారు (నేనూ కొట్టాను). ఆ ఉత్సాహంలో, కొత్త బూట్లతో, ఒంటరిగా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. సగం దాకా వెళ్ళి జారాడు. చేతికి దీపాల తోరణం తప్ప ఏమీ దొరకలేదు. దానితో సహా ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ కిందికి వచ్చాడు.

నేను భుజం అందించడానికి పరిగెత్తాను. అధికారి నన్ను ఆపేశాడు. నా అనుమతి అత్తగారి వరకేనట.

పైనుంచి అత్తగారు తొంగిచూసి, "పాపం, అలంకారం గట్టిగానే తగిలినట్టుంది," అన్నారు.

పెద్దాయన చీలమండ విరిగింది. వారం తిరక్కుండా మా మెట్లకు ఇత్తడి రెయిలింగ్ వచ్చింది. ఆయనే చంకలో కర్రతో వచ్చి దాన్ని ప్రారంభించాడు. ఒక ముఖ్య సంఘటనకు గుర్తుగా వెలిసింది కాబట్టి దాన్ని కూడా రక్షిత వస్తువుల్లో చేర్చారు. బోర్డు మీద ఏం రాయాలో చెప్పమని నిపుణుడిగా నన్ను అడిగారు. "చరిత్రకు చేయూత ఈ దండం. దయచేసి చేతులతో తాకవద్దు" అని రాసిచ్చాను. కాపలాకి ఒక మనిషిని పెట్టారు. శాశ్వత ఆసరా ఏర్పడింది గనక తాత్కాలిక ఆసరా రద్దయిందని చెప్పి, నా బిళ్ళ తీసేసుకున్నారు.

ఆ తర్వాత అత్తగారు సాయంత్రాలు పై మెట్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అక్కణ్ణుంచి వీధి కనిపించదు. గోడ కనిపిస్తుంది.

"అమ్మని చెల్లి వాళ్ళింట్లో దింపుతున్నాను," అంది మా ఆవిడ ఒక ఆదివారం. "అక్కడ లిఫ్టుంది."

"నేను చెయ్యి పట్టుకుని దింపుతానుగా," అన్నాను.

"బిళ్ళ లేకుండానా?" అంది. ఆ మాట నవ్వుతూ అని ఉంటే బాగుండేది.

అత్తగారు ఇత్తడి రెయిలింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. కాపలా మనిషి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, తాకకూడదండి. బోర్డు ఉంది చూడండి."

"నాకు కళ్ళద్దాలు లేవు నాయనా. ఏం రాశారో అల్లుడుగార్ని చదవమను."

అతను నా వైపు తిరిగాడు. మా ఆవిడ కూడా తిరిగింది. నేను బోర్డు మీది అక్షరాలు అంతకుముందెప్పుడూ చూడనట్టు చూస్తూ ఉండిపోయాను. అత్తగారు కిందిదాకా దిగి, చేతులు పెట్టిన చోట మరకలు పడ్డాయేమోనని చేతిరుమాలుతో తుడిచి, వాచీలాయనకు చెప్పి ఆటో ఎక్కారు.

మా ఆవిడ మొదట శని, ఆదివారాలు అక్కడ ఉండేది. ఇప్పుడు బ్యాంకు నుంచి నేరుగా అక్కడికే వెళుతోంది. వాచీలాయన బల్ల లోపలికి తీసేశాడు.

ఆఫీసు వార్షిక నివేదిక మొన్న వచ్చింది. మా భవనంలో రాకపోకలు తగ్గినందున మెట్ల అరుగుదల దాదాపు ఆగిపోయిందని, నగరంలో ఇంత విజయవంతమైన సంరక్షణ మరొకటి లేదని అందులో ఉంది. దాన్ని పుస్తకంగా వేస్తున్నారట. ముందుమాట రాయమని నన్ను అడిగారు.

మొదటి వాక్యం చాలా బాగా కుదిరింది.