కేసు వేసిన ఇంటాయన

ఆ గురువారం వర్లీన్ స్టబ్స్ పెట్టుకున్న పని ఒక్కటే: ఇంట్లో ఉంటూనే ఇంట్లో లేనట్టు ఉండడం. తెల్లవారకముందే కర్టెన్లు మూసేసింది. టీవీలో బొమ్మ ఉంచి శబ్దం తీసేసింది. కాఫీ వాసన బయటికి పోకుండా తలుపు కింద తువ్వాలు కుక్కింది. ఇల్లంటే అమెరికాలోని టొలీడోలో ఓ పాత చెక్క ఇంటి పైవాటా. కింది వాటాలో ఇంటి యజమాని కాసిమిర్ నోవాక్ ఉంటాడు.

బడి వంటశాలలో పనిచేసే వర్లీన్ ఫిబ్రవరిలో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. చెయ్యి అతుక్కునేసరికి నాలుగు నెలల అద్దె బాకీ పడింది. ఖాళీ చేయించమని నోవాక్ కోర్టులో కేసు వేశాడని పక్కింటావిడ చెప్పింది. పదకొండేళ్లుగా ఉంటున్న ఇల్లు. భర్త క్లైడ్ కన్నుమూసింది అందులోనే. అది పోతే తలదాచుకోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదు.

అందుకే మరిది రాస్కో ఫోనులో ఇచ్చిన సలహా పట్టుకు వేలాడింది. "వదినా, కోర్టు కాగితం నీ చేతికి అందకపోతే అసలు కేసే లేనట్టు. దొరక్కు, అంతే!" అన్నాడతను. రాస్కో న్యాయశాస్త్రం చదివింది మధ్యాహ్నం పూట టీవీలో.

దొరక్కుండా తిరగడం వర్లీన్‌కు కొత్త విద్య కాదు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తదు. కోర్టు పేరుతో మూడు ఉత్తరాలొచ్చాయి. 'మీకు ఉచిత సాయం అందవచ్చు, వెంటనే స్పందించండి' అని ఉంది. ఉచితంగా ఓడ ప్రయాణం చేయిస్తామనేవాళ్లూ ఇలాగే రాస్తారని చించి పారేసింది. నోవాక్ తలుపు కిందనుంచి చీటీ తోస్తే, చదవకుండా వెనక్కి తోసింది. ఆయన మళ్లీ ఇటు తోశాడు. ఆమె మళ్లీ అటు తోసింది. నాలుగోసారికి ముసలాయన నడుం పట్టేసి కిందికి వెళ్లిపోయాడు.

ఇక వారం రోజులుగా నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి ఒకతి ఫైలు పట్టుకుని వచ్చి తలుపు కొడుతోంది. ఆ రోజు పదకొండింటికి మళ్లీ వచ్చింది.

"మేడమ్, నా పేరు ఇమానీ. పన్నెండింటిలోపు మీ సంతకం కావాలి. ఒక్క సంతకం చాలు!"

ఆ ఒక్క సంతకంతో కోర్టు కాగితం చేతికి అందినట్టే అనుకుంది వర్లీన్. తలుపు కన్నంలోంచి చూస్తే ఆ అమ్మాయి పక్కనే నోవాక్!

"లోపలే ఉందమ్మా. రోజూ వచ్చే కాఫీ వాసన ఇవాళ రావట్లేదు. కావాలనే ఆపింది," అంటున్నాడాయన.

"ఇద్దరూ ఒకటయ్యారన్నమాట!" అని పళ్లు నూరి, వర్లీన్ ఎవరూ గుర్తుపట్టకుండా క్లైడ్ ఓవర్‌కోటు తగిలించుకుంది. అతని టోపీ కళ్లదాకా లాక్కుని వెనక మెట్లు దిగింది. అది జూన్ నెల. వీధిలో జనం ఒంటిమీద చొక్కానే భరించలేకపోతున్నారు.

"వర్లీన్! ఆగమ్మా! నీ మంచికే!" అంటూ నోవాక్ ఇంటి చెప్పులతోనే వెంటపడ్డాడు.

నీ మంచికే అన్నవాళ్లెవరూ ఇంతవరకు ఆమెకు మంచి చేసిన పాపాన పోలేదు. వచ్చిన బస్సు ఎక్కేసింది. చేతిసంచీ ఇంట్లోనే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది. అదృష్టం కొద్దీ కోటు జేబులో క్లైడ్ మరిచిపోయిన చిల్లర టికెట్టుకు సరిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఇమానీ చిన్న కారు వస్తోంది. అందులోంచి నోవాక్ తల బయటపెట్టి చేతులూపుతున్నాడు. వర్లీన్ నాలుగో స్టాపులో దూకినట్టే దిగి, ఎదురుగా ఉన్న గ్రంథాలయంలో దూరింది.

వెనక గదిలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. కాఫీ, డోనట్లు కూడా ఉన్నాయి. జనంలో కలిసిపోతే చాలనుకుంది. గుమ్మం దగ్గర బల్ల వెనక కూర్చున్న కళ్లద్దాల పెద్దమనిషి పేరడిగాడు.

"హార్టెన్స్ బెల్," అంది తడుముకోకుండా. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు.

డోనట్ సగం కొరికాక గోడమీద కాగితం కనబడింది. 'అద్దె బాకీపడ్డవారికి కోర్టు సహాయ శిబిరం' అని రాసి ఉంది. మిగిలిన సగం అక్కడే పెట్టేసింది. లేవబోయేసరికి గుమ్మంలో ఇమానీ, ఆమె వెనక రొప్పుతూ నోవాక్.

"ఇంత పని చేస్తారా నోవాక్ గారూ!" అంది వర్లీన్. "పదకొండేళ్లు మీ మెట్లమీద మంచు ఎత్తిపోశానే! నన్ను కోర్టుకీడుస్తారా?"

"ఈడవకపోతే ఎలా?" నోవాక్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను కేసు వేస్తే తప్ప ఈ శిబిరం వాళ్లు నీకు సాయం చెయ్యరట! ముందు నిన్ను వెళ్లగొడతానని నేను రాసివ్వాలి. అప్పుడు వాళ్లు అడ్డంపడి, వెళ్లగొట్టకు, బాకీ మేం కడతాం అంటారు. అదే చీటీలో రాశాను. నువ్వు చదివితేగా!"

"నిజమే మేడమ్," అంది ఇమానీ. "పన్నెండింటిలోపు ఇద్దరి సంతకాలూ పడితే రేపటి విచారణ ఆగిపోతుంది. మీ ఇల్లు మీకుంటుంది. పడకపోతే నేనేం చెయ్యలేను."

గోడ గడియారం పన్నెండుకు పావు తక్కువ చూపిస్తోంది. నాలుగు నెలలుగా ఇల్లు పోతుందని భయపడి, దాన్ని పోగొట్టే పని తనే చేస్తూ వచ్చిందన్నమాట. వర్లీన్ గబగబా కలం అందుకుని సంతకం చేసింది.

కళ్లద్దాల పెద్దమనిషి కాగితం చూశాడు. "ఇందాక మీరు హార్టెన్స్ బెల్ కదా?"

"అది ఊరికే అన్నానండీ."

"గుర్తింపు కార్డేదైనా ఉందా?"

"ఇంట్లో ఉంది."

"జూన్‌లో ఓవర్‌కోటు. దొంగ పేరు. కార్డు లేదు. నా చోట మీరుంటే నమ్ముతారా?"

వర్లీన్ నిజాయితీగా ఆలోచించింది. "చచ్చినా నమ్మను," అంది.

"నేనూ చెప్పలేను సార్," అంది ఇమానీ దీనంగా. "వారంగా ఈవిడ తలుపే చూశాను. మొహం చూడ్డం ఇప్పుడే."

ఆయన సొరుగులోంచి ఇంకో పత్రం తీశాడు. ఏడాదికి పైగా ఎరిగినవాళ్లు ఎవరైనా పూచీపడితే సరిపోతుందట. నోవాక్ చదవకుండానే సంతకం గీకేశాడు. "ఈవిడే! ఎండాకాలంలో ఈ వేషం వేసేది ఊళ్లో ఇంకెవరూ లేరు."

వర్లీన్ కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషినా ఇన్నాళ్లూ అనుమానించానని సిగ్గుపడింది. ఆ సిగ్గు అర నిమిషం ఉంది.

"అవునుగానీ, ఈయన కార్డు మాత్రం అడగరేం?" అంది. "ఎవరో తెలియనాయన పూచీకి విలువేంటి?"

నోవాక్ జేబులు తడుముకున్నాడు. ఇంటి చెప్పులతో పరుగెత్తుకొచ్చిన మనిషి దగ్గర పర్సెక్కడిది? ఇమానీ తల పట్టుకుంది.

"ఆవిడ అడిగింది న్యాయమే," అంటూ పెద్దమనిషి అలాంటిదే ఇంకో పత్రం తీశాడు. "ఈయన్ని ఏడాదికి పైగా ఎరిగినవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా?"

అందరూ వర్లీన్ వైపే చూశారు. పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి.

"సంతకం పెట్టు తల్లీ, పోయేది నీ ఇల్లే!" అన్నాడు నోవాక్.

వర్లీన్ పత్రం దగ్గరికి లాక్కుని, వెనకా ముందూ తిప్పి చూసి, వేలు పెట్టుకుని చదివింది. 'ఈ వ్యక్తి నాకు బాగా తెలుసు' అని అచ్చువేసి ఉంది. ఆమె 'బాగా' అన్న మాట కొట్టేసి సంతకం పెట్టింది.