పెందుర్తి ముడి

పెందుర్తి దగ్గర మా కాలనీలో ఇకపై ఏ ఇంట్లోనూ దుకాణంలో కొన్న అలంకరణ వస్తువు ఉండరాదని, ప్రతి ఇల్లూ మూడు నెలల్లోగా ఏడు హస్తకళలు నేర్చుకుని తీరాలని సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని ప్రవేశపెట్టినవారు అధ్యక్షులు కొండలరావు గారు. బలపరిచినవారు కూడా వారే. మిగిలినవారు ఆ సమయంలో టీ తాగుతున్నారు.

కొండలరావు గారు ఉక్కు కర్మాగారంలో ముప్పై రెండేళ్లు నాణ్యత తనిఖీ చేసి రిటైరయ్యారు. వంకర కడ్డీ ఒక్కటి కూడా ఆయన కన్ను దాటి బయటికి పోలేదని చెబుతారు. కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్ సొంతది కావడంతో వస్తూ వస్తూ ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో కొలవడానికేమీ లేక ఆరు నెలలపాటు దోసెల మందం కొలిచారు. ఆయన భార్య తాయారు గారు ఈ హస్తకళా ఉద్యమాన్ని ఎందుకంత ప్రోత్సహించారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఏడు కళలూ ఏవేవంటే, తాళ్లు ముడులేసి అల్లే మాక్రమే, కొక్కెపు సూదితో అల్లే క్రోషే, రంగు కాగితాలు చుట్టలు చుట్టే క్విల్లింగు, అచ్చుల్లో పోసి గడ్డకట్టించే రెసిన్, కొవ్వొత్తులు, మట్టిబొమ్మలు, వెదురు బుట్టలు. గురువు సెల్‌ఫోన్. అందులో ఒకావిడ నవ్వుతూ, సంగీతం వినిపిస్తూ, నాలుగు నిమిషాల్లో బుట్ట అల్లేస్తుంది. మన వాళ్లకు నవ్వు వరకు మొదటి రోజే పట్టుబడింది.

వారం తిరక్కుండా కళ విజృంభించింది. ఐదో నంబరు ఇంట్లో మైనం కాచిన మూకుట్లో మర్నాడు ఉప్మా చేశారు. ఆ ఉప్మా ఇప్పటికీ ఆకారం కోల్పోలేదు. తొమ్మిదో నంబరులో మధులత గారు మాక్రమే మొదలుపెట్టి మెట్ల రెయిలింగునీ వీధి గేటునీ కలిపి అల్లేయడంతో ఆ కుటుంబం రెండు రోజులు పక్కింటి గోడ ఎక్కి రాకపోకలు సాగించింది. తాయారు గారు రెసిన్ పోస్తుండగా కొండలరావు గారి కళ్లజోడు అందులో పడి గడ్డకట్టింది. దాన్ని 'దూరదృష్టి' అనే పేరుతో షోకేసులో పెట్టి, ఆయన కొత్త జోడు చేయించుకున్నారు.

ఇక్కడ పోతమ్మను పరిచయం చేయాలి. తీర్మానంలో ఆమె పేరు లేదు గానీ కథలో ఉంది.

పోతమ్మ పూర్ణా మార్కెట్ దగ్గర పేవ్‌మెంటు మీద కూర్చుని పాతికేళ్లు బుట్టలు, చేటలు, విసనకర్రలు అల్లి అమ్మింది. ఆమె కూర్చునే చోటు నగర సౌందర్యానికి అడ్డు వస్తోందని తేలడంతో అక్కడ ఒక పూలకుండీ పెట్టారు. పూలు ఇంకా రాలేదు. పోతమ్మ మాత్రం మా కాలనీకి వచ్చి ఆరిళ్లలో అంట్లు తోమే పనికి కుదిరింది.

ఆమె కోరిక ఒక్కటే. భీమునిపట్నం వెళ్లే దారిలో సముద్రం ఒడ్డున 'హస్తకళల వీధి' అని కొత్తగా కడుతున్నారు. ఇరవై ఒక్క అరుగులు. ఒక్కో అరుగూ నాలుగడుగులు. అందులో ఒకటి కావాలి. అరుగు ఇవ్వాలంటే చేతిపని నేర్చుకున్నట్టు గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి. పోతమ్మకు చేతిపని వచ్చు. నేర్చుకున్నట్టు రుజువు లేదు. ఈ చుట్టుపక్కల గుర్తింపు పొందిన సంస్థ ఏదని విచారిస్తే, అది మా కాలనీ సంఘమేనని తెలిసింది.

ఒకరోజు ఆమె తాయారు గారి వంటింట్లో ఒక మూల వెదురు బద్దల కుప్ప చూసింది.

"ఇదేటమ్మా, పొయ్యిలోకా?"

"బుట్టే. సగం అయింది."

"ఏ సగవమ్మా?"

కుక్కర్ మూడో కూత కూసేలోగా పోతమ్మ ఆ బద్దల్ని విడదీసి, తడిపి, బుట్ట అల్లేసి, పిడి దగ్గర తన ముడి వేసి ఇచ్చింది. తాయారు గారు బుట్టను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరితోనూ అనకే పోతమ్మా. నీ సర్టిఫికెట్ సంగతి ఆయనతో నేను చెబుతాగా."

"నానెందుకంతానమ్మా. ఆ కాయితం ఒక్కటి ఇప్పించీండి, సాలు."

మర్నాడు మధులత గారింట్లో గేటుకు పట్టిన అల్లికను విడిపించి దాన్నే గోడకు వేలాడే అలంకరణగా మార్చింది. అక్కడా అదే మాట, ఎవరితోనూ అనకు, కాగితం ఇప్పిస్తాను. మూడు వారాల్లో ఆరిళ్ల పోతమ్మ ఇరవై ఒక్క ఇళ్ల పోతమ్మ అయింది. క్విల్లింగైనా, క్రోషే అయినా, మట్టిబొమ్మయినా చివరికి వేలాడదీయాలి, వేలాడాలంటే ముడి కావాలి. ప్రతి ఇల్లూ ఈ రహస్యం తనొక్కదానిదే అనుకుంది. పోతమ్మ దగ్గర ఇరవై ఒక్క వాగ్దానాలు పోగయ్యాయి.

పన్నెండో నంబరులో ఉండే రిటైర్డ్ నర్సు ఆరోగ్యమ్మ గారు ఒక్కరే తన కొవ్వొత్తిని తానే చేసుకున్నారు. అది వంకరగా ఉండడంతో ప్రదర్శనకు అనర్హమైంది.

ప్రదర్శన కమ్యూనిటీ హాల్లో జరిగింది. ముఖ్య అతిథి హస్తకళల వీధి ప్రత్యేకాధికారి అర్జునరావు గారు. కొండలరావు గారు కాలిపర్స్ తీసి ఒక్కో వస్తువునీ కొలిచి, కర్మాగారంలో పోత పోసిన ఉక్కుకు వేసినట్టే క్రమసంఖ్య ముద్ర వేసుకుంటూ వెళ్లారు. ఒక మట్టి ఏనుగుకు ముద్ర గట్టిగా పడి తొండం ఊడింది. దాన్ని పరీక్షలో వైఫల్యంగా నమోదు చేశారు.

ఏడో బల్ల దగ్గర ఆయన ఆగారు. వెనక్కి వెళ్లి మొదటి బల్ల చూశారు. మళ్లీ ముందుకు వచ్చి ఇరవై ఒకటో బల్ల దాకా చూశారు.

"అన్ని ముళ్లూ ఎడమవైపుకు ఒరిగి ఉన్నాయి," అన్నారాయన. "కచ్చితంగా మూడు మిల్లీమీటర్లు. ఇరవై ఒక్క ఇళ్లలోనూ."

తాయారు గారు పైట సర్దుకున్నారు. మధులత గారు కిటికీలోంచి బయటికి చూశారు. తలుపు దగ్గర నిలబడి అందరికీ మంచినీళ్లు అందిస్తున్న పోతమ్మ వంక చూడకుండా ఉండటానికి ఇరవై ఒక్కమంది గృహిణులు శతవిధాల ప్రయత్నించారు. దొరికిపోవడానికి ఇక ఒక్క వాక్యమే మిగిలి ఉంది.

"దీన్నిబట్టి తేలేదేమిటంటే," కొండలరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తేడా ఒక్కచోట ఉంటే అది లోపం. ఇరవై ఒక్క చోట్ల ఒకేలా ఉంటే అది ప్రమాణం. మన కాలనీకి సొంత శైలి ఏర్పడింది."

చప్పట్లు రెండు నిమిషాలు ఆగలేదు. అంత ఊపిరి బిగబట్టినవాళ్లు చేతులైనా ఆడించాలి కదా.

అర్జునరావు గారు మైకు అందుకున్నారు. "ఇది పెందుర్తి ముడి. ఇది ఈ మట్టిలోంచి పుట్టింది. ఈ ముడిని ఎవరూ అనుకరించకుండా కాపాడుకోవలసిన బాధ్యత మన ముందున్నది. అమ్మా, తమరికి ఇది ఎలా అబ్బింది?"

"మా అమ్మమ్మ వేసేవారండి, అమలాపురంలో," అన్నారు తాయారు గారు.

పెందుర్తి మట్టిలోంచి పుట్టిన ముడి అమలాపురంలో ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఎందుకంటే వెంటనే మధులత గారికి గుడివాడలో ఒక అమ్మమ్మ గుర్తుకొచ్చింది. సాయంత్రానికి ముడి వేసే అమ్మమ్మలు ఇరవై ఒక్కమంది అయ్యారు.

శైలి అన్నాక దానికి ఒక విధానపత్రం ఉండాలి. ముడి వేస్తుండగా వీడియో తీసి ఇవ్వమని కొండలరావు గారు భార్యను కోరారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా తాయారు గారు తన బంగారు గాజులు తీసి పోతమ్మ చేతులకు తొడిగి, ముడి వేయించి, చేతులు మాత్రమే కనిపించేలా ఫోన్లో తీశారు. గాజులు లెక్క చూసుకుని మళ్లీ తొడుక్కున్నారు.

మూడు మిల్లీమీటర్ల వంకర పట్టుకోగల కొండలరావు గారు ఆ వీడియో నలభైసార్లు చూశారు. ముప్పై ఐదేళ్లు కాపురం చేసిన భార్య చేతులు అవి కావని ఒక్కసారి కూడా అనుమానించలేదు. అంతేకాదు, ఆయనకు ఒక గొప్ప విశేషం కనిపించింది. ముడి వేసేటప్పుడు కుడి చూపుడువేలు ఎక్కడా ఒంగడం లేదు. నిటారుగా, ధ్వజస్తంభంలా నిలబడి ఉంది. విధానపత్రంలో ఇలా రాశారు: 'అభ్యాసకులు కుడి చూపుడువేలిని తొంభై డిగ్రీల కోణంలో నిలిపి ఉంచవలెను. ఇది ఈ శైలి యొక్క ప్రధాన ముద్ర. పద్నాలుగు దశలు. మొత్తం వ్యవధి నలభై నిమిషాలు.'

మర్నాటి నుంచి కాలనీలో గృహిణులు వేలు నిలబెట్టి సాధన చేయసాగారు. అలవాటై కూరగాయలు కూడా అలాగే బేరమాడేవారు. కూరగాయల బండి అతను తనను బెదిరిస్తున్నారనుకుని రెండు రోజులు రాలేదు.

పోతమ్మ తన దరఖాస్తు పెట్టుకుంది. ఒక బుట్ట జతచేసింది. పరిశీలన రోజున కొండలరావు గారు, అర్జునరావు గారు బల్లకు అటువైపు, ఇరవై ఒక్కమంది గృహిణులు, ఆరోగ్యమ్మ గారు వెనక కుర్చీల్లో. ముడి వెయ్యమన్నారు. పోతమ్మ వేసింది. కొండలరావు గారు స్టాప్‌వాచ్ నొక్కడానికి బొటనవేలు ఎత్తేలోగా అయిపోయింది.

"పెందుర్తి ముడిలాగే ఉందే," అన్నారు అర్జునరావు గారు.

"లాగే ఉందండి. అదే ఇబ్బంది," అన్నారు కొండలరావు గారు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నేర్సుకోనేదు బాబూ. మాయమ్మ సేసేది. నానూ సేత్తన్నాను."

"ఎన్నిళ్లలో పనిచేస్తున్నావు?"

"మరి అన్నిళ్లకీ పిలుత్తన్నారు బాబూ. ఏ ఇంట్లోని ఏది ముడెట్టాలన్నా నానే గదా."

వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. పోతమ్మ తిరిగి తాయారు గారి వంక చూసింది. ఇప్పుడు చెప్పండమ్మా అని ఆ చూపుకు అర్థం. తాయారు గారు తన గాజులు లెక్కపెట్టుకుంటున్నారు.

కొండలరావు గారు అర్జునరావు గారి వైపు వంగి, కేసు ఛేదించిన గొంతుతో అన్నారు. "గమనించారా సార్? ఇంటింటికీ పనికి వెళ్లి, ఆడవాళ్లు సాధన చేస్తుండగా చూసి, శైలి మొత్తం పట్టేసింది. మనం భయపడ్డ అనుకరణ ఇదే."

ఆరోగ్యమ్మ గారు లేచి నిలబడ్డారు. "కొండలరావు గారూ, ఆ అమ్మాయి వేలు చూడండి ఒకసారి. చిన్నప్పుడు వెదురు చీల్చే కత్తి పడి నరం తెగిందట. అందుకే ఒంగదు. కుడిచెయ్యి పట్టు లేక ఎడమచేత్తో లాగుతుంది, అందుకే ముడి ఎడమకి ఒరుగుతుంది. మీ కాలనీ మొత్తం వేళ్లు నిలబెట్టి నేర్చుకుంటున్నది ఆ దెబ్బని."

అర్జునరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆ రోజు మినిట్స్‌లో ఇలా నమోదైంది: 'శ్రీమతి ఆరోగ్యమ్మ గారు కళకు వైద్య కోణాన్ని జోడించి సభ్యులను ఉత్తేజపరిచారు. సభ వారికి ధన్యవాదాలు తెలిపినది.'

దరఖాస్తు తిరస్కరించారు. అయితే సంఘం కఠినమైనది కాదు. పెందుర్తి ముడిని సక్రమంగా నేర్చుకోదలిస్తే మూడు నెలల ప్రాథమిక తరగతిలో చేరవచ్చని పోతమ్మకు సూచించారు. పనివాళ్లకు ప్రవేశం కల్పించిన తొలి సంస్థ తమదేనని పత్రికలకు ప్రకటన కూడా పంపారు.

ఆ సాయంత్రం వంటింట్లో తాయారు గారే మాట కలిపారు. "ఏమీ అనుకోకే పోతమ్మా. అంతమందిలో ఏం చెప్పను? చేరు. మూడు నెలలు ఎంతలో అయిపోతాయి?"

"నాను సేసిన ముడి నాకే నేర్పుతారేటమ్మా?"

"నేర్పేది నేనేగా."

"అయితే మీకు రావాల గదమ్మా ముందల," అంది పోతమ్మ, గిన్నె బోర్లిస్తూ.

చేరింది. అరుగు కావాలి మరి. తరగతిలో తాయారు గారు పద్నాలుగు దశలూ చదివి వినిపించేవారు. ఏ దశలోనైనా తాడు చిక్కుపడితే, "పోతమ్మా, నువ్వొకసారి వేసి చూపించు, తప్పులుంటే నేను చెబుతాను," అనేవారు. చివరి పరీక్షలో కొండలరావు గారు పోతమ్మకు ద్వితీయ శ్రేణి ఇచ్చారు. 'వ్యవధి పాటించలేదు. వేలిముద్ర బాగున్నది, కానీ మరీ బిగుసుకున్నట్టున్నది. సహజత్వం అలవరచుకోవలెను' అని వివరణ రాశారు. మధులత గారికి ప్రథమ శ్రేణి. ఆవిడ వేలు ఎంతో సహజంగా నిలబడింది.

సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి హస్తకళల వీధిలో అరుగులన్నీ అయిపోయాయి. అవి ఇరవై ఒకటి, ప్రథమ శ్రేణి కళాకారిణులు ఇరవై ఒక్కరు. ఇందులో ఎక్కడా అన్యాయం లేదు, లెక్క సరిపోయింది.

కానీ సముద్రపు ఎండ ప్రథమ శ్రేణి వారికి పడదు. మొదటి వారంలోనే తాయారు గారికి తల తిరిగింది. నిబంధనలు తిరగేస్తే, కళాకారిణి బదులు సహాయకురాలు కూర్చోవచ్చని, అయితే ఆమెకు కూడా సర్టిఫికెట్ ఉండవలెనని తెలిసింది. కాలనీలో సర్టిఫికెట్ ఉండి, ఎండకు తల తిరగని మనిషి ఒక్కరే ఉన్నారు.

ఆ విధంగా పోతమ్మకు అరుగు దొరికింది. పథకం విఫలమైందని ఎవరూ అనలేరు. నాలుగో నంబరు అరుగు మీద, 'తాయారు క్రియేషన్స్, పెందుర్తి ముడి సృష్టికర్తలు' అనే బోర్డు కింద రోజంతా కూర్చుని బుట్టలు అల్లుతుంది.

కిందటి ఆదివారం మీరు కుటుంబంతో అటు వెళ్లారు. ఒక బుట్ట చేతిలోకి తీసుకుని, చేతిపని అంటే ఇదీ అని పిల్లలకు వివరించారు. ఎవరు చేశారని అడిగారు. "మేడమ్‌గారు సేసారండి," అంది ఆమె, సంఘం నేర్పినట్టే. మీరు మేడమ్‌గారిని మెచ్చుకున్నారు. తర్వాత బుట్టలు వరసగా కనిపించేలా ఫోటో తీయబోయి, "కాస్త పక్కకి జరుగుతావా అమ్మా," అన్నారు, ఎంతో మర్యాదగా.

అరుగు నాలుగడుగులే. జరగడానికి చోటు లేదు. ఆమె అరుగు దిగి ఇసకలో నిలబడింది.

ఫోటో బాగా వచ్చింది.