వాల్తేరు అలకు పెద్దపల్లి చెక్క

అది అరవై నాలుగు, జూన్ నెల. ఆ రోజు దేవకి చేయవలసిన పనులు రెండే. పొద్దున్నే వడ్రంగి, వడ్ల హనుమండ్లు తెచ్చే టేకు చెక్కను తమ రైస్‌మిల్లు వెనక ఊక కుప్ప చాటున దాచాలి. బాపు రామకిషన్‌రావు టిఫిన్ తిని కుర్చీలో వెనక్కి వాలిన సమయం చూసి వాల్తేరు యూనివర్సిటీ దరఖాస్తు మీద సంతకం పెట్టించుకోవాలి. సాయంత్రం టపాలో అది వెళ్లకపోతే గడువు దాటిపోతుంది. అప్పుడిక హైదరాబాదులో చిన్నాయన ఇంట్లో ఉండి చదవాల్సిందే. బాపు కోరిక కూడా అదే.

హైదరాబాదు మీద ఆమెకు కోపమేమీ లేదు. కరీంనగర్‌లో బీఎస్సీ ముగిశాక ఎమ్మెస్సీ ఫిజిక్సు ఎక్కడ చదవాలో తేల్చడానికి నోటుపుస్తకంలో పట్టిక గీసుకుంది. ఒక గడి చదువుకు, ఒక గడి అలకు. హైదరాబాదుకు చదువులో పదికి తొమ్మిది వచ్చాయి. అలలో, హుస్సేన్‌సాగర్ పుణ్యమా అని, అర మార్కు. మద్రాసుకు రెండింట్లోనూ మంచి మార్కులే గానీ అంత దూరం బాపు కలలో కూడా పంపడు. వాల్తేరుకు ఎనిమిది, తొమ్మిది. లెక్క తేలిపోయింది.

అల గడి ఎక్కడిదంటే, ఆర్నెల్ల కింద కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు వారపత్రికలో ఫొటో చూసింది. ఎక్కడో పసిఫిక్ దీవిలో ఒక మనిషి చెక్క మీద నిలబడి, మేడంత అల మీద జారిపోతున్నాడు. వాడు ఎందుకు పడటం లేదు? లెక్చరరును అడిగితే సిలబస్‌లో లేదన్నాడు. వెళ్లి నిలబడి చూస్తే తప్ప తెలియదని ఆమెకు అర్థమైంది. సముద్రాన్ని మాత్రం ఆమె ఇంతవరకు చూడలేదు.

ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఒక కొన గుండ్రం, చెయ్యి పెడితే జారేంత నునుపు. హనుమండ్లుకు చెప్పింది ఇంతే. "ఎందుకని అడగకు తాతా, ఎవ్వలకు చెప్పకు" అని కూడా అంది. చిక్కు అక్కడే వచ్చింది. దిష్టికి భయపడి చెప్పొద్దన్నారంటే శుభకార్యమే అనుకున్నాడు హనుమండ్లు. దొర ఇంటి పని, టేకు, గుండ్రటి కొన. కొత్త ఇంటి దర్వాజ మీద కమాను కాక ఇంకేమవుతుంది? దర్వాజ చెక్కను బోసిగా ఇంటికి తెచ్చే వడ్లాయన ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. హనుమండ్లు దానికి నిండా పసుపు పూసి, తొమ్మిది బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నెత్తిన పెట్టుకొని నడి బజారులోంచి బయలుదేరాడు.

గాజుల గంపతో స్టేషనుకు పోతున్న రామవ్వ ఆగింది. "ఏం హనుమండ్లన్నా, ఎవ్వలింటి దర్వాజ?"

"రామకిషన్‌రావు దొరది. ఎవ్వలకు చెప్పద్దన్నరు."

"ఉన్న బంగ్ల మంచిగనే ఉండె గద, కొత్తిల్లు ఎందుకట?"

"నాకేమెరుక? చిన్నదొర్సానే కొలతలిచ్చింది."

"పిల్లే ఇచ్చిందా! ఇంకేంది మరి, ఇల్లరికం అల్లునికే!"

రామవ్వ ప్యాసింజరెక్కి జమ్మికుంటలో దిగింది. ఆమె గాజులు తొడిగే మొదటి ఇల్లు రామకిషన్‌రావు అక్క జానకీబాయిది.

చెక్కను చూడగానే దేవకి దాన్ని ఊక కుప్ప చాటుకు లాగింది. "తాతా, గీ పసుపేంది?"

"పసుపు లేకుంటె ఎట్ల బిడ్డా, అరిష్టం గాదా?" అని హనుమండ్లు కొత్త పంచె కోసం నిలబడ్డాడు. అది దర్వాజ ఆనవాయితీ. అతణ్ని ఎలాగో సాగనంపేసరికి ముహూర్తం పెడతానంటూ అయ్యగారు పంచాంగంతో వచ్చాడు. ఆయన వెనక, ఇంటికి సున్నం ఎంత కావాలంటూ సున్నం బట్టీ కొమురెల్లి వచ్చాడు. తింటున్న ఉప్మా వదిలేసి రామకిషన్‌రావు లేచాడు. "ఎవ్వలకయ్యా ఇల్లు? నాకు ఎరుక లేకుంట నేను కడ్తున్ననా?" అందరూ అర్థమైందన్నట్టు నవ్వి కూర్చున్నారు. సంతకం సమయం అట్లా గడిచిపోయింది.

మధ్యాహ్నం రైలుకు జానకీబాయి దిగింది.

"ఏం తమ్మీ! మేనల్లుడు మా శ్రీధర్‌ను కాదని ఎవన్ని తెచ్చుకుంటున్నవ్? వానికి ఇల్లు గూడ లేపుతున్నవట!"

"ఎవడక్కా? ఏ ఇల్లు? నన్ను పరేషాన్ చెయ్యకు."

"దర్వాజ ఇంటికొచ్చినంక గూడ బుకాయిస్తున్నవా? యాడ పెట్టినవ్, చూపియ్యి!"

అందరూ మిల్లు వెనక్కి నడిచారు. అక్కడ దేవకి రెండు రోకళ్ల మీద చెక్క పెట్టి, చెక్క మీద తను నిలబడి, రెండు చేతులూ చాపి, ఎడమకూ కుడికీ ఊగుతోంది. జుట్టు నిండా ఊక, పాదాల నిండా పసుపు.

"ఇదేందే?" అన్నాడు రామకిషన్‌రావు.

"అల మీద నిలబడేటందుకు బాపూ. వాల్తేరుల చదువుకుంట. ఆడ సముద్రం ఉంటది."

"తమ్మీ, పిల్లకు గాలి సోకింది" అంది జానకీబాయి. వెంటనే సర్దుకుంది. "కాదు కాదు, పెండ్లి దాచనీకె గీ కథ! ఇద్దరు కూడబలుక్కున్నరు. వాల్తేరు లేదు, గీల్తేరు లేదు."

రామకిషన్‌రావును ఏమన్నా పడతాడు గానీ అబద్ధాలకోరు అంటే పడడు. "నేను ఇంతవరకు నీతోని అబద్ధమాడిన్నా అక్కా?"

"ఆడకపోతె వాల్తేరుకు పోయే కాయిదమేది?"

దేవకి పుస్తకంలోంచి దరఖాస్తు తీసి ఇచ్చింది. ఆయన చదవలేదు. జేబులోంచి పెన్ను తీసి, మిల్లు గోడకు ఆనించి, అక్క కళ్ల ముందే సంతకం గీకాడు. "చూస్కో! రెండేండ్లు గీ ఇంట్ల పెండ్లి ముచ్చటే లేదు."

జానకీబాయి ముఖం విప్పారింది. "గట్లనా! జర ముందుగాల చెప్పద్దా? రెండేండ్లంటె మా శ్రీధర్ వకీలు చదువు గూడ అయిపోతది. ఇటు తే, మల్ల మాట మారుస్తవు. పోస్టాఫీసుల నేనే ఏసొస్త." దరఖాస్తు లాక్కొని పోయింది. టపా కట్టకముందే చేరింది కూడా.

జనం వెళ్లిపోయాక రామకిషన్‌రావు చెక్క చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఏం సంతకం చేశాడో అప్పుడే తెలిసివచ్చినట్టుంది. తిడతాడని దేవకి తల దించుకుంది.

"అవునే" అన్నాడు చివరికి, "నువ్వు పడకుంట ఎట్ల నిలబడ్డవ్?"

"మోకాళ్లు జర వంచాలె బాపూ."

ఆయన చెప్పులు విడిచాడు.

జూలైలో దేవకి వాల్తేరుకు రైలెక్కింది. చెక్క మాత్రం మిల్లు వెనకే ఉండిపోయింది. రామకిషన్‌రావుకు మోకాళ్లు వంచడం ఇంకా రాలేదు.